ఫోన్లో కూనిరాగం

యంగ్స్‌టౌన్‌లో మేయర్ ఎన్నికలకి ఇల్లు కదలని వాళ్లు కూడా ఆగస్టులో ఒక ఓటు మాత్రం తప్పకుండా వేస్తారు. సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే సెలవులకి వ్యాలీ రేడియో వాళ్లు మూడు రోజులపాటు మూడు వందల రాక్ అండ్ రోల్ సింగిల్స్‌ని, అంటే విడివిడిగా వచ్చిన పాటల్ని, చివరి నంబరు నుంచి మొదటి నంబరు దాకా వరసపెట్టి వేస్తారు. ఆ వరస తేల్చేది జనమే. ఒక్కొక్కరు ఒక కార్డు మీద తమకి నచ్చిన పది పాటలు రాయాలి. మొదటిదానికి పది పాయింట్లు, పదోదానికి ఒకటి. కింద పేరు, ఫోన్ నంబరు. ఆ కార్డు తీసుకెళ్లి ఆర్నెట్టా టిబ్స్ రికార్డుల షాపులో పెట్టిన డబ్బాలో వెయ్యాలి. ఈ ఓట్ల పుణ్యమా అని మాటలు మానేసిన అన్నదమ్ములున్నారు. మొన్నామధ్య ఒక పెళ్లిలో, కుకీలు పేర్చిన బల్ల దగ్గరే, మొదటి నంబరు ఎవరికి రావాలన్న దాని మీద వియ్యంకులిద్దరూ చొక్కాలు పట్టుకున్నారు.

వాండా సాబో ఏనాడూ ఈ గోలలో వేలు పెట్టలేదు. పెళ్లి గౌన్లు కుట్టే షాపులో ఆవిడ పని. రోజంతా ముత్యాలు కుట్టి ఇంటికొచ్చేసరికి ఏ పాటా వినే ఓపిక ఉండేది కాదు. అలాంటిది 1988లో దిగింది. దిగడమంటే నడుం బిగించి మరీ దిగింది. కారణం అన్న రూడీ.

రూడీ ఒకప్పుడు గిటార్ వాయించేవాడు. పగలు స్టీలు మిల్లులో పని, శని ఆదివారాల్లో డాన్సు హాళ్లలో వాయింపు. ముగ్గురు కుర్రాళ్లు కలిసి పెట్టిన ఆ బ్యాండు పేరు లేడిల్ బాయ్స్. కరిగిన ఉక్కుని ఎత్తి పోసే పెద్ద గరిటెని మిల్లులో లేడిల్ అంటారు, ఆ పేరే పెట్టుకున్నారు. 1963లో ఉన్న డబ్బంతా ఊడ్చి ఒకే ఒక రికార్డు తీశారు. రెండు వైపులా మాటల్లేని పాటలే, అంతా గిటారే. ఒక వైపు ‘తొమ్మిదో గేటు’, విన్నవాడి కాళ్లు నేల మీద నిలవనివ్వని పాట. రెండో వైపు ‘శుక్రవారం దాకా’, నెమ్మదిగా సాగేది. దాన్ని రూడీ తప్ప ఎవరూ పట్టించుకోలేదు. మిల్లు గేట్ల దగ్గర కారు డిక్కీ తెరిచి వాళ్లే అమ్ముకున్నారు. వెయ్యి రికార్డులూ అయిపోయాయి.

డెబ్బై ఏడులో మిల్లు మూతపడింది. డ్రమ్ములు వాయించేవాడు టెక్సాస్ వెళ్లిపోయాడు, రెండోవాడు గుండెజబ్బుతో పోయాడు. రూడీ భార్య కూడా ఓ రోజు పెట్టె సర్దుకుంది. వాండా అన్నని తీసుకొచ్చి తన ఇంటి కింది గదిలో పెట్టుకుంది. గిటార్ పెట్టెని హీటర్ వెనక్కి తోసి అతను మళ్లీ దాని మొహం చూడలేదు. పదకొండేళ్లు. స్కూళ్లో నేల తుడిచే పని చేస్తున్నాడు, తింటున్నాడు, టీవీలో ఫుట్‌బాల్ చూస్తున్నాడు. ఎవరితోనూ గొడవ లేదు, ఎవరి మీదా కోపం లేదు. అన్న కళ్లెదురుగానే ఉన్నా ఎక్కడికో వెళ్లిపోయినట్టు ఉండేది వాండాకి. ఆ బెంగ చెప్పుకుందామంటే వినేవాళ్లు లేరు.

జూలైలో ఒక ఆదివారం భోజనం దగ్గర రేడియోలో ఓటింగు ప్రకటన వచ్చింది. వాండా ఉండబట్టలేకపోయింది.

“అన్నయ్యా, మీ పాటకి కూడా ఎవరైనా ఓటేస్తే బావుణ్ణు కదా!”

“ఎందుకెయ్యరు? మిల్లులో చచ్చిన దయ్యాలన్నీ లైను కట్టి మరీ వేస్తాయి.”

“వెటకారాలొద్దు. ఒకవేళ లిస్టులో వస్తే?”

“వస్తేనా?” రూడీ రొట్టె ముక్క సూపులో ముంచాడు. “మూడొందలో నంబరుగా వచ్చినా సరే, గిటార్ బయటికి తీస్తా. మీ చర్చి పిక్నిక్‌లో, ఆ ముసలమ్మలందరి ముందూ నిలబడి వాయిస్తా. చాలా? ఇక సూప్ తాగు, చల్లారిపోతోంది.”

అతనేదో నోటికొచ్చినట్టు అన్నాడు. వాండా మాత్రం ఆ మాటని కొంగున కట్టుకుంది.

ఆ మర్నాటి నుంచి ఆవిడ చెయ్యని పని లేదు. శుక్రవారం శుక్రవారం చర్చి వంటింట్లో ఆడవాళ్లంతా చేరి పిరోగీలు చేస్తారు. పిండి వత్తేవాళ్లు వత్తుతుంటే, బంగాళాదుంప కూరేవాళ్లు కూరుతుంటే, వాండా ‘తొమ్మిదో గేటు’ కోసం ఓటు కార్డులు పట్టుకుని బల్లల మధ్య తిరిగింది.

“రూడీ పాటా? ఏ పాటే తల్లీ? నాకు పోల్కా డాన్సు పాటలు తప్ప ఇంకోటి తెలీదు,” అంది ఒకావిడ.

“తెలీకపోతేనేం పిన్నీ, నీ చేతికి పిండంటుకుంది కాబట్టి నేనే రాస్తా. నువ్వు సంతకం పెట్టు.”

“దొంగ ఓట్లా! చర్చిలోనా!”

“దొంగవెలా అవుతాయి? మీ కొడుకు పెళ్లిలో ఆ పాటకే కదూ నువ్వు చెప్పులు వదిలేసి ఎగిరావు?”

ఆవిడ సిగ్గుపడి సంతకం పెట్టింది. అలా కొన్ని కార్డులు పడ్డాయి. కాకపోతే పిరోగీల ఆడవాళ్లు తమ సొంత ఇష్టాలని వదులుకునే రకం కాదు. రూడీ పాటని అందరూ ఆరో చోటో, ఎనిమిదో చోటో రాశారు.

లేబర్ డేకి ముందు బుధవారం ఆర్నెట్టా టిబ్స్ తన షాపు అద్దానికి లెక్క అంటించింది. మూడు వందల దగ్గర ఎర్ర గీత గీసి, కింద నాలుగు వందల దాకా కూడా రాసింది. అలా రాయకపోతే ఓడిపోయినవాళ్లు షాపులోకొచ్చి చంపుకు తింటారు. వాండా భోజనం మానుకుని పరుగెత్తింది. మూడు వందల నంబరు పాటకి అరవై అయిదు పాయింట్లు. ‘తొమ్మిదో గేటు’ గీతకి ఎంతో కింద, మూడు వందల నలభై ఒకటో చోట ఉంది. ముప్ఫై ఎనిమిది పాయింట్లు.

అక్కడే అద్దం ముందు నిలబడి వాండా ఏడ్చినంత పని చేసింది. పక్కనున్న కుర్రాడెవడో తన పాట పన్నెండో చోటికి పడిపోయిందని తిట్టిపోస్తున్నాడు. వాడి నోట్లో ఇంత మట్టి కొట్టాలనిపించింది ఆవిడకి. కళ్లు తుడుచుకుని వెళ్లబోతూ ఇంకా కిందికి చూసింది. మూడు వందల యాభై ఆరో చోట ‘శుక్రవారం దాకా’, లేడిల్ బాయ్స్. ముప్ఫై నాలుగు పాయింట్లు.

ఆవిడకి అర్థం కాలేదు. తను ఆ పాట పేరు ఎవరి చేతా రాయించలేదు. ఆ నెమ్మది పాట ఎలా ఉంటుందో చెల్లెలైన తనకే సరిగ్గా గుర్తు లేదు. మరి ఆ ముప్ఫై నాలుగూ ఎక్కడి నుంచి ఊడిపడ్డాయి?

షాపు పక్క సందులోనే కోసిమో పెట్రెల్లా బార్. మిల్లువాళ్లంతా ఒకప్పుడు జీతం రోజున వాలిపోయే చోటు. ఇప్పుడు నలుగురు పింఛనుదార్లు తప్ప ఎవరూ రారు. వాండా వెళ్లి స్టూలు మీద కూలబడింది.

“ఏంటే పిల్లా, ఆ మొహం? మీ అన్నకి ఓటేశాగా! మూడో చోట రాశా. మొదటి రెండూ ఇటలీవాళ్లకి రాయాలి, రక్తసంబంధం, తప్పదు,” అన్నాడు కోసిమో.

“ఏ పాటకి వేశావు బాబాయ్?”

“ఏ పాటేంటి? ‘శుక్రవారం దాకా’. వాడు చేసిందే ఒక్క పాట కదా.”

“ఆ నెమ్మదిదా?”

“నెమ్మదా! నీకేమైనా పిచ్చా? అది మోగిందంటే అల్మారాలో గ్లాసులన్నీ గలగలమంటాయి. ఉండు.” కోసిమో బల్ల చుట్టూ తిరిగొచ్చి మూలనున్న జ్యూక్‌బాక్స్, ఆ పాటల పెట్టె మీట నొక్కాడు.

పెట్టెలోని ఇనప చెయ్యి కదిలింది, రికార్డు పడింది, గిటార్ లేచింది. పింఛనుదార్లలో ఒకాయన మడమతో నేల మీద తాళం వేశాడు. వచ్చింది ‘తొమ్మిదో గేటు’. వాండా పెట్టె అద్దం మీదికి వంగి చూసింది. పాట పేరు రాసిన చీటీ మీద టైపు చేసి ఉన్నది మాత్రం ‘శుక్రవారం దాకా’.

“చీటీ తప్పు పెట్టావు బాబాయ్.”

“నేనా? రికార్డు మీద ఏముంటే అదే కొట్టించా.” ఉక్రోషంతో ఆయన పెట్టె తాళం తీసి రికార్డు బయటికి లాగి చూపించాడు. నిజమే. నల్లటి రికార్డు మధ్యలో ఎర్ర లేబుల్ మీద అదే పేరు. తిప్పి చూస్తే రెండో వైపు ‘తొమ్మిదో గేటు’.

“ఇది ఎప్పుడు కొన్నావు?”

“మొట్టమొదటి రోజునే. గేటు దగ్గర, రూడీ డిక్కీలోంచి. ఆ రోజు అందరం కొన్నాం.”

వాండా లేబుల్ మీది అక్షరాలు మళ్లీ చదివింది. ఇంట్లో తన దగ్గరున్న రికార్డు ఆరు నెలల తర్వాత వచ్చిన విడతది. దాని మీద పేర్లు సరిగ్గానే ఉన్నాయి. అంటే మొదటి విడత అచ్చు వేసిన చోట లేబుళ్లు అటుదిటు ఇటుదటు పడ్డాయి. పాటలో మాటలు లేవు కాబట్టి ఎవరికీ తెలియలేదు. పాతికేళ్లుగా ఊళ్లో సగం మంది ఒకే పాటని ఒక పేరుతో, మిగతా సగం ఇంకో పేరుతో పిలుచుకుంటున్నారు. ముప్ఫై ఎనిమిది, ముప్ఫై నాలుగు. కలిపితే డెబ్బై రెండు. గీతకి ఏడు పైన.

“బాబాయ్, ఈ రికార్డు ఒక్క రోజు అప్పియ్యి.”

“దీని మీద గీత పడిందో, నీకూ నాకూ మాటల్లేవు,” అన్నాడు కోసిమో, అంటూనే దాన్ని శుభ్రమైన తువ్వాల్లో చుట్టి ఇచ్చాడు.

మర్నాడు వాండా పనికి సెలవు పెట్టి, రెండు రికార్డులూ పట్టుకుని ఆర్నెట్టా ముందు నిలబడింది. ఆర్నెట్టాకి అరవై దాటాయి. ఇరవై ఏళ్లుగా ఓట్లు లెక్కపెడుతోంది, ఒక్క పాయింటు అటూ ఇటూ కానివ్వలేదు. సొంత మేనల్లుడు లేని మనుషుల పేర్లతో నాలుగు కార్డులు వేస్తే నాలుగూ చించి, వాణ్ణి షాపులోంచి గెంటింది. ఆవిడ మాట్లాడకుండా రెండు రికార్డుల్నీ పక్కపక్కనే రెండు ప్లేయర్ల మీద పెట్టి ఒకదాని తర్వాత ఒకటి విన్నది. లేబుళ్లు చూసింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది.

“నలభై ఏళ్లుగా రికార్డులు అమ్ముతున్నా. ఇది నా కంట పడలేదంటే సిగ్గుగా ఉంది,” అంది.

“అయితే కలిపేస్తారా అండీ?”

“ఎలా కలుపుతా? కార్డు మీద ఏముంటే అదే లెక్క. ‘శుక్రవారం దాకా’ అని రాసినవాళ్లలో నిజంగా ఆ నెమ్మది పాటే నచ్చినవాళ్లుంటే? వాళ్ల ఓటు తీసుకెళ్లి వేరే పాటకి కట్టబెట్టే హక్కు నాకెవరిచ్చారు?”

“ఆ పాట ఎవరికీ నచ్చదు ఆర్నెట్టా గారూ! నాకే గుర్తు లేదు!”

“నీకు గుర్తు లేకపోతే పాట లేనట్టేనా అమ్మాయ్?”

ఆర్నెట్టా కాసేపు పెన్సిలుతో బల్ల మీద కొట్టింది. తర్వాత లోపలికి వెళ్లి ఓ కార్డుల కట్ట తెచ్చింది.

“తొమ్మిది కార్డులున్నాయి. అందరి ఫోన్ నంబర్లూ ఉన్నాయి. ఒక్కొక్కరికీ చేస్తా. ఓటేసిన పాటని కూనిరాగం తియ్యమంటా. గేటు పాట తీసినవాళ్ల ఓటు గేటుకి, నెమ్మదిది తీసినవాళ్లది నెమ్మదిదానికి. నువ్వు పక్కన కూర్చుని గీతలు పెట్టు. నోరు మాత్రం తెరవకూడదు.”

ఇద్దరూ కౌంటరు వెనక స్టూళ్లు వేసుకుని, రిసీవరుకి చెరోవైపు చెవి ఆనించారు.

మొదటాయన పళ్ల డాక్టరు. ఎవరో నోరు తెరుచుకుని కూర్చున్నారట, ఇప్పుడు కుదరదన్నాడు. అర నిమిషమే అని ఆర్నెట్టా బతిమాలేసరికి “టడడ్డా డండం” అని ఎత్తుకుని, ఆపకుండా పాటంతా లాగించాడు. వెనక ఆ పేషెంటు మూలుగుతూనే ఉన్నాడు. వాండా ఒక గీత పెట్టింది. రెండో నంబరులో ఒక ముసలావిడ. “ఎవరు మీరు? ఏం అమ్ముతున్నారు? నేనేమీ కొనను,” అని ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే, ఏమీ అమ్మడం లేదని నమ్మకం కుదిరాక, సన్నటి గొంతుతో తడుముకుంటూ తీసింది. గేటు పాటే. చివర్లో “మా ఆయన బతికుండగా ఈ పాటకే నా చెయ్యి పట్టుకుని లేపేవాడమ్మా,” అని చెప్పి ఏడ్చింది. కార్ల సామాన్ల షాపాయనకి రాగం రాదట, కౌంటరు మీద స్పానరుతో కొట్టి వినిపించాడు. ఇంకొకాయన ఈల వేశాడు. కోసిమో అయితే చెప్పిందల్లా మర్చిపోయి “రికార్డు మీద గీత పడలేదు కదా?” అని మొదలుపెట్టాడు. ఆర్నెట్టా కసిరితే గానీ రాగం తియ్యలేదు.

ఎనిమిది కార్డులయ్యాయి. ఎనిమిదీ గేటు పాటే. ఆర్నెట్టా కాగితం మీద కూడింది. ముప్ఫై ఎనిమిదికి ఇరవై నాలుగు కలిపితే అరవై రెండు. మిగిలింది ఒక్క కార్డు. దాంట్లో పాటని మొదటి చోటనే రాశారు, పది పాయింట్లు. ఇది కూడా అటు పడితే పిక్నిక్‌లో గిటార్ మోగినట్టే. వాండా ఇంకో గీత పెట్టడానికి పెన్సిలు కాగితానికి ఆనించింది.

“పేరు దగ్గర ఆర్. అని మాత్రమే ఉంది,” అంటూ ఆర్నెట్టా నంబరు పైకి చదువుకుంటూ తిప్పసాగింది. “ఏడు, నాలుగు, నాలుగు... మూడు, రెండు...”

వాండా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. అది తన ఇంటి నంబరు.

“హలో,” అంది అవతలి గొంతు. రూడీయే. గురువారం అతనికి సెలవు.

“సార్, రికార్డుల షాపు నుంచి. మీరు ‘శుక్రవారం దాకా’ అనే పాటకి ఓటేశారు. చిన్న తనిఖీ. ఆ పాట ఎలా ఉంటుందో ఒక్కసారి కూనిరాగం తీస్తారా?”

“ఓటు వేస్తే పాడి వినిపించాలా? కొత్త రూలా ఇది?”

“ఈ ఒక్క పాటకే సార్.”

“నాకు గొంతు లేదమ్మా. నేనెప్పుడూ పాడలేదు.” కుర్చీ వెనక్కి జరిగింది. “ఉండండి. పెట్టెయ్యకండి.”

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత మెట్లు దిగుతున్న అడుగులు. వాండాకి ఆ మెట్లు తెలుసు, నాలుగోది కిర్రుమనడం వినిపించింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఒక నిమిషం గడిచింది, రెండు గడిచాయి.

“వెళ్లిపోయాడేమో,” అంది ఆర్నెట్టా.

“ష్,” అంది వాండా.

అడుగులు మళ్లీ పైకొచ్చాయి, ఈసారి బరువుగా. పెట్టె గొళ్లాలు రెండు టక్కుమన్నాయి. తీగ ఒకటి అపస్వరంగా మోగింది, ఇంకోటి మోగింది. తీగ బిగించే మర ఒకటి కీచుమని తిరిగింది. శ్రుతి సర్దుకోవడానికే చాలాసేపు పట్టింది. అప్పుడు మొదలైంది పాట.

అది నెమ్మదిగానే ఉంది. మొదట్లో వేళ్లు తడబడ్డాయి, ఒకచోట తప్పి వెనక్కొచ్చి మళ్లీ పట్టుకున్నాడు. చిన్నప్పుడు మిల్లు రెండో షిఫ్టుకి నాన్న బయల్దేరేటప్పుడు, సాయంత్రం నీరెండలో, గడప మీద కూర్చుని అన్నయ్య వాయించింది ఇదే. వాండాకి ఒక్కసారిగా అంతా గుర్తొచ్చింది. ఈ పాట ఎవరికీ నచ్చదని ఇందాక ఎంత గట్టిగా అన్నదో కూడా గుర్తొచ్చి, చెంపలు వేసుకోవాలనిపించింది. ఏడుపు ఆపుకోవడానికి కోసిమో తువ్వాలు నోట్లో కుక్కుకుంది.

పాట అయిపోయింది. రూడీ ఫోన్ అందుకున్నాడు, రొప్పుతున్నాడు.

“మధ్యలో తప్పాను, ఏమీ అనుకోకండి. వేళ్లు మొద్దుబారిపోయాయి. ఇదీ అసలు ‘శుక్రవారం దాకా’. మొదటి మూడొందల రికార్డులకీ లేబుళ్లు తారుమారయ్యాయి. వెనక్కి పంపితే మళ్లీ రెండు నెలలు ఆగాలి, అంత ఓపిక ఎవరికుంది, అలాగే అమ్మేశాం. జనం ఆ గేటు పాటనే ఎగరేసుకుపోయారు, దీన్ని తిప్పి విన్నవాడే లేడు. మా చెల్లెలు కూడా ఊరంతా తిరిగి దానికే ఓట్లడుగుతోంది, పిచ్చిది. అందుకని నేనే వేశా. ప్రపంచంలో ఒక్క ఓటైనా దీనికి పడాలిగా.”

ఆర్నెట్టా రిసీవరు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. కాగితం మీద అరవై రెండు దగ్గర పెన్సిలు ఆగి ఉంది. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆవిడ మొహంలో ఎటూ తేల్చుకోలేనితనం కనిపించింది.

“మూడే తక్కువ,” అంది గొంతు తగ్గించి. “తొమ్మిదో మనిషి ఏం రాగం తీశాడో మనిద్దరికే తెలుసు వాండా. నువ్వు చెప్పు.”

“మా అన్నయ్య ఓటు మా అన్నయ్య వేసిన పాటకే ఉంచండి,” అంది వాండా.

ఆర్నెట్టా తలూపి ‘శుక్రవారం దాకా’ ఎదురుగా పది అని రాసింది, ‘తొమ్మిదో గేటు’ ఎదురుగా అరవై రెండు. రెండూ గీత కిందే.

“హలో? ఉన్నారా?” రూడీ గొంతు. “సరిపోయిందా అండీ? మూడో తీగ శ్రుతి ఇంకా దిగే ఉంది. కావాలంటే సరిచేసి ఇంకోసారి వాయిస్తాను. ఈసారి తప్పను.”

ఆర్నెట్టా వాండా వైపు చూసింది. వాండా అవునన్నట్టు తల గట్టిగా ఆడించింది.

“వాయించండి సార్,” అంది ఆర్నెట్టా. “మాకేం తొందర లేదు.”